ఆరో చీటీ

స్టీలు టిఫిన్ డబ్బాలో ఎనిమిది చీటీలు.
నా చేతికొచ్చింది ఆరు.
మా మొగిలి దాన్ని తలకిందులు చేసి చూశాడు.
తొమ్మిదో టీమే లేదు కదరా అంటే
ఏమో, తిప్పితే ఏదన్నా మారుతుందేమోనని, అన్నాడు.

మెసానికల్ గ్రౌండులో ఎండాకాలం ఫుట్‌బాల్ లీగు.
కుర్రాళ్ళని వంతులవారీగా ఏరుకోవాలి.
రెండో వంతు గుడిపాల వాళ్ళది.
దాన్ని మాకిచ్చేందుకు వాళ్ళు చెప్పిన ధర:
మా ఆరో వంతు, మా పద్నాలుగో వంతు,
పైన నాదముని.

ఇదంతా ఒక్కడి కోసం.
దామలచెరువు కుర్రాడు, పేరు ఢిల్లీబాబు.
రేణిగుంట దాటి రైలెక్కింది లేదు.
ఎంత ఎత్తునుంచి ఊడిపడిన బంతైనా
వాడి రొమ్ము దగ్గరికొచ్చేసరికి
అప్పడగడానికొచ్చిన చుట్టంలా నెమ్మదిస్తుంది,
చెప్పులు విప్పి పక్కన కూర్చుంటుంది.

రాత్రి సుభాన్ సైకిల్ షాపులో కూర్చున్నాం,
పంక్చరు తొట్టి చుట్టూ.
టీము డబ్బులు సుభాన్ దగ్గరే, లెక్కా ఆయనదే.
"ఒకడికి ముగ్గురా? పైగా వాడి మోకాలికి
పోయినేడే పుత్తూరు కట్టు. పసరు వాసన ఇంకా వస్తాంది."
"పుత్తూరులో అతికిన ఎముక
కొత్తదానికంటే గట్టి," అని మొగిలి.
"అయితే అందరం విరగ్గొట్టుకుని పోదాం పద."
ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను, ఆలస్యంగా.

అప్పుడొచ్చాడు నాదముని.
పాలవ్యానులో ఖాళీ క్యాన్లు మోగుతుంటే
ఆయన రాకముందే ఆయన చప్పుడు.
వెనకనుంచి ఆయన కొట్టే బంతికి అడ్రసు రాసుంటుంది,
డోరు నంబరుతో సహా.
తొమ్మిదేళ్ళుగా మాకు తెలిసిన ఒకే ఒక్క ఎత్తుగడ అది.

"నన్నిచ్చేయండబ్బా," అన్నాడు.
"ముప్పై నాలుగొచ్చె. ధర ఉండంగానే పోవాల.
తోతాపురి చూళ్ళేదా, జూన్‌లో లారీ ఎక్కుతాది,
జూలైలో దాన్నే రోడ్డు పక్కన పారబోస్తారు."
తొట్టిలో ఎవడిదో ట్యూబు
సన్నగా బుడగలు వదులుతోంది.

తెల్లారి టీవీఎస్ మీద దామలచెరువు పోయినా,
ఎవరికీ చెప్పకుండా.
తోటలో బేనీషా కోత.
కొమ్మమీద వాళ్ళ మామ తెంపి వదుల్తున్నాడు,
కింద ఢిల్లీ, గోనెపట్ట పట్టుకుని.
నలభై కాయలు లెక్కపెట్టాను.
ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు,
ఒక్కదాన్నీ వాడు చూడలేదు.
తల పైకెత్తి ఉన్నాడు గానీ, చూపంతా మామ చేతి మీదే.
"కాయని చూడవా?"
"కాయదేముందన్నా. చెయ్యి ఎట్లుంటే అట్లొస్తాది."

దారిలో పాకాల దగ్గర బండి ఆపి
చానాసేపు ఊరికే నిలబడ్డాను.
చేతినమ్మి గోనెపట్ట కొంటామా?
అయినా, గోనెపట్ట లేకుండా
తొమ్మిదేళ్ళుగా ఆ చెయ్యి వదిలిన కాయలన్నీ
యాడ పడ్డాయి?

గుడిపాల వాళ్ళకి వద్దని చెప్పినా.
మొగిలి నాలుగురోజులు నాతో మాట్లాడలేదు.
ఆరో వంతులో మాకొచ్చిన కుర్రాడి పేరు
రిజిస్టరులో తప్పు రాసి, వాణ్ణి ఇప్పటికీ
ఆ తప్పుతోనే పిలుస్తున్నాం.

మూడో ఆట గుడిపాలతో.
వాళ్ళ వెనకవాళ్ళు కొట్టిన బంతులన్నీ
ఢిల్లీ తలమీంచి కలెక్టరాఫీసు దిక్కుకి పోయినాయి.
పాపం, ఒక్కదానికీ విసుక్కోలేదు వాడు.
సగం ఆట అయ్యాక, మా వైపు బంతి ఆగి,
నాదముని కాలు వెనక్కి లేచింది.
ఎదుటి రంగు బనీనులో నిలబడ్డ ఢిల్లీ
అలవాటున మెడ పైకెత్తి
ఆ కాలినే చూశాడు.
ఒక్క అడుగు వేశాడు కూడా, మళ్ళీ గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆట సున్నా సున్నా.
సరిగ్గానే చేసినావు అన్నాడు సుభాన్, లెక్క చూసి.
నాకు మాత్రం ఆ ఒక్క అడుగే.

టిఫిన్ డబ్బా మా ఇంటిదే.
కడిగేముందు మూత తీసి మళ్ళీ చూశాను,
ఇంకో చీటీ ఏమన్నా అడుగున అంటుకుందేమోనని.
నిన్నటి పులిహోర పసుపు, అంతే.